మామిడి తోపు కొట్టానికి సోలార్ చార్జ్ కంట్రోలర్: నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నా అనుభవం

మా నాయన మామిడి తోపు చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం దగ్గర ఉంది. వర్షాధారం తోపు. బోరు లేదు కాబట్టి కరెంటు కనెక్షనూ లేదు. స్తంభాలు వేయించుకోవడానికి అయ్యే ఖర్చు విన్నాక ఆ ఆలోచనే వదిలేశాం. కౌండిన్య అడవి నుంచి ఏనుగులు ఈ వైపు దిగుతుంటాయి. అందుకని కాపు ఉన్నప్పుడే కాదు, మిగతా నెలల్లో కూడా నాయన చాలా రాత్రులు తోపులోని రేకుల కొట్టంలోనే పడుకుంటాడు. నేను ఉద్యోగం వల్ల తిరుపతిలో ఉంటాను, శనివారం సాయంత్రం బస్సెక్కి ఊరికి వెళ్తాను.

2024 ఎండాకాలంలో ఆ కొట్టానికి ఒక సోలార్ సెట్ పెట్టించాం. 335 వాట్ల ప్యానెల్ ఒకటి, 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీలో ఎంత చార్జ్ పడుతుందో చెప్పే కొలత) ట్యూబులర్ బ్యాటరీ ఒకటి, రెండింటి మధ్య, బ్యాటరీలోకి పోయే చార్జింగ్‌ని అదుపు చేసే పెట్టె, చార్జ్ కంట్రోలర్ ఒకటి. ఇన్వర్టర్ లేదు, అన్నీ డీసీ సామాన్లే. 9 వాట్ల బల్బులు మూడు, 28 వాట్ల ఫ్యాను, ఫోన్ చార్జింగ్, చప్పుడైతే వేసుకునే 30 వాట్ల ఫోకస్ లైటు. కంట్రోలర్ మీద పెద్ద అక్షరాలతో ఎంపీపీటీ అని ఉంది, అంటే ప్యానెల్ నుంచి వీలైనంత ఎక్కువ పవర్ రాబట్టే రకం. బిల్లులో దానికి విడిగా 3,500 రూపాయలు వేశారు.

మొదటి ఏడాది ఇబ్బంది లేదు. 2025 వినాయక చవితి తర్వాత సిమ్ కార్డుతో నడిచే కెమెరా ఒకటి బిగించాం. అది తీసుకునేది 5 వాట్లే, కానీ పగలూ రాత్రీ ఆగదు. నవంబరు వచ్చింది. మనకి వానలు ఈశాన్య రుతుపవనాలవి కదా, వరుసగా రెండు మూడు రోజులు పొద్దు కనపడని వారాలు వస్తాయి. రాత్రి ఒంటిగంటకో రెండుకో లైట్లు ఆరిపోవడం మొదలైంది. ఒక రాత్రి పక్క తోపులో ఏనుగు కొమ్మలు విరిచింది. ఆ రాత్రే నాయన ఫోన్ స్విచ్చాఫ్ అయింది. నేను తెల్లారుజాము నుంచి చేస్తూనే ఉన్నాను, కలవదు. ఏడు దాటాక పాలు పోసే అతని ఫోన్ నుంచి నాయన మాట్లాడేదాకా నాకు ఊపిరాడలేదు. ఆ పొద్దునే అనుకున్నాను, దీని సంగతేంటో తేల్చుకోవాలని.

సెట్ అమ్మినతనికి ఫోన్ చేస్తే చూడటానికి కూడా రాలేదు. "బ్యాటరీ వీకైందమ్మా, కెమెరా లాగేస్తా ఉంది. కొత్త బ్యాటరీ వేసుకోండి, 15,500లో చేసిస్తా" అన్నాడు. ఏడాదిన్నరకే ట్యూబులర్ బ్యాటరీ పోవడమేంటన్న అనుమానం నాకు అప్పుడే వచ్చింది. పైగా డబ్బుల విషయం. తోతాపురికి ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి కిలోకి 12 అని ప్రకటించిన సీజన్ అప్పుడే ముగిసింది. మా చేతికొచ్చింది అంతకంటే తక్కువ. పదిహేను వేలు ఊరికే తీసి పెట్టే పరిస్థితి కాదు.

అందుకని ముందు బ్యాటరీని నమ్మకమైన మనిషికి చూపిద్దామనుకున్నాం. ఈ విషయంలో మన ప్రాంతం అదృష్టం చేసుకుంది. అమర రాజా వాళ్ల బ్యాటరీలు తిరుపతి పక్కన కరకంబాడిలోనూ, చిత్తూరు దగ్గరా తయారవుతాయి కాబట్టి తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల బ్యాటరీ గురించి తెలిసిన మెకానిక్కులకు కొదవలేదు. కంట్రోలర్ గురించి తెలిసినవాళ్లే దొరకరు. చిత్తూరులో ఒక పెద్దాయన దగ్గరికి బ్యాటరీని ఆటోలో తీసుకెళ్లాం. యాసిడ్‌తో కలిపి దాని బరువు యాభై కిలోలు దాటుతుంది. ఇద్దరు మగవాళ్లు ఉంటే తప్ప కొట్టంలోంచి కదల్లేదు. ఆటోకి 800 అయింది, అది నేను లెక్కలో వేసుకోని ఖర్చు.

ఆయన ఆరు మూతలూ తీసి, యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటరుతో ఒక్కో సెల్లూ చూశారు. నిండుగా చార్జ్ ఉంటే 1.240 దగ్గర ఉండాల్సిన రీడింగ్ అన్నింట్లోనూ 1.150 చుట్టూ ఉంది. "ఒక్క సెల్లు తక్కువుండి మిగతావి బాగుంటే బ్యాటరీలో లోపం. అన్నీ కలిసి తక్కువున్నాయంటే దానికి తిండి చాలడం లేదని అర్థం. దీన్ని మార్చొద్దు, చార్జింగ్ ఎక్కడ పోతోందో చూసుకోండి" అన్నారు. రెండు రోజులు తన దగ్గరే ఉంచుకుని నిదానంగా చార్జ్ చేసి, డిస్టిల్డ్ వాటర్ పోసి ఇచ్చారు. 400 తీసుకున్నారు. ఆ మాట చెప్పినందుకు ఆయనకి ఎంత ఇచ్చినా తక్కువే అనిపించింది.

చార్జింగ్ ఎక్కడ పోతోందో తెలియాలంటే ప్యానెల్ వైరులో ఎన్ని ఆంప్స్ వస్తున్నాయో, బ్యాటరీ వైరులో ఎన్ని పోతున్నాయో చూడాలి. ఇక్కడో చిక్కు. మా ఊరి ఎలక్ట్రీషియన్ దగ్గర ఉన్న క్లాంప్ మీటర్ ఏసీ కరెంటుని మాత్రమే కొలుస్తుంది. డీసీ వైరుకి తగిలిస్తే సున్నా చూపిస్తుంది. డీసీ క్లాంప్ మీటర్ వేరే ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. సెల్ టవర్ల మెయింటెనెన్స్ చేసేవాళ్ల దగ్గర అది తప్పకుండా ఉంటుంది, వాళ్ల బ్యాటరీలన్నీ డీసీయే కదా. మా బావ స్నేహితుడు ఒకాయన ఆ పనే చేస్తాడు. డిసెంబరు 14 ఆదివారం, మంచి ఎండ ఉన్న రోజు, ఆయన తోపుకి వచ్చాడు.

ఆ పరీక్ష ఎలా చేశాడో కాస్త వివరంగా చెప్తాను, ఎవరైనా తమ ఇంట్లో చేసుకోవచ్చు. ముందు ఫ్యాను, ఫోకస్ లైటు వేసి బ్యాటరీని కొంచెం దించాడు. బ్యాటరీ నిండి ఉన్నప్పుడు ఎంత మంచి కంట్రోలరైనా కరెంటు తగ్గించేస్తుంది, అప్పుడు కొలిస్తే ఏమీ తెలియదు. తర్వాత ప్యానెల్ వెనకున్న స్టిక్కరు చదివాడు. గరిష్ఠ పవర్ దగ్గర 38 వోల్టులు, 8.8 ఆంప్స్. ఏమీ తగిలించనప్పుడు 46.2 వోల్టులు. అది చూసుకుని కొట్టంలోకి వచ్చి, కంట్రోలర్ దగ్గర ప్యానెల్ వైర్ల మీద మల్టీమీటర్ పెట్టాడు. 13.4 వోల్టులు. బ్యాటరీ మీద పెట్టాడు. 13.1. క్లాంప్ ప్యానెల్ వైరుకి తగిలిస్తే 8.2 ఆంప్స్, బ్యాటరీ వైరుకి తగిలిస్తే 8.1.

"చెల్లెమ్మా, పెట్టె మీద ఏం రాసున్నా సరే, ఇది ఎంపీపీటీ కాదు, పీడబ్ల్యూఎం" అన్నాడు. 38 వోల్టుల దగ్గర పని చేయాల్సిన ప్యానెల్‌ని ఇది బ్యాటరీకి నేరుగా కలిపి 13 వోల్టులకి గుంజేస్తోంది. 8 ఆంప్స్ వచ్చినవి వచ్చినట్టే లోపలికి పోతున్నాయి. 13.1ని 8.1తో గుణిస్తే 106 వాట్లు. 335 వాట్ల ప్యానెల్‌కి డబ్బులు కట్టి మూడో వంతు కూడా వాడుకోవడం లేదన్నమాట. నిజమైన ఎంపీపీటీ అయితే ప్యానెల్‌ని దానికి నచ్చిన వోల్టేజీ దగ్గరే ఉంచి, ఆ ఎక్కువ వోల్టేజీని బ్యాటరీ వైపు ఎక్కువ ఆంప్స్‌గా మారుస్తుంది. "మూడొందలిచ్చి వంద రూపాయల సరుకు తీసుకుని చిల్లర అడక్కుండా వచ్చేస్తున్నారు మీరు" అన్నాడు.

నాలుగు స్క్రూలు తీసి మూత తెరిచాడు. ఎంపీపీటీలో వోల్టేజీని మార్చడానికి రాగి తీగ చుట్టిన బరువైన కాయిల్ ఒకటి ఉండి తీరాలట. ఈ పెట్టెలో అలాంటిదేమీ లేదు. రెండు కెపాసిటర్లు, వరుసగా నాలుగు చిన్న నల్లటి ట్రాన్సిస్టర్లు, ఒక డిస్‌ప్లే, మూలన చీమలు పెట్టిన ఎండిపోయిన మట్టి. అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియలేదు. నాకు కోపం కంటే ముందు బాధ కలిగింది. ఈ పెట్టెని నమ్ముకునే కదా మా నాయన ఆ చీకట్లో పడుకుంటున్నది.

ఆ రాత్రి కాగితం మీద లెక్క వేశాను. బల్బులు ఆరు గంటలు, ఫ్యాను ఏడు గంటలు, కెమెరా ఇరవై నాలుగ్గంటలు, ఫోన్లు, గంటసేపు ఫోకస్ లైటు. అంతా కలిపి రోజుకి సుమారు 530 వాట్ అవర్లు. మన రాయలసీమలో ఒక రోజు ఎండని పూర్తి ఎండగా లెక్కేస్తే సుమారు 5 గంటలు. గంటకి 8.2 ఆంప్స్ చొప్పున 41 ఏహెచ్, అంటే సుమారు 510 వాట్ అవర్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీలో పెట్టినదాంట్లో ఐదో వంతు దాకా వృథా అవుతుంది. మిగిలేది 410. కెమెరా లేనప్పుడు మా వాడకం కూడా 410 దగ్గరే ఉండేది. అంచు మీద నడిచిన బండి కెమెరా రాగానే ఎందుకు ఆగిందో అప్పుడు అర్థమైంది. మంచి ఎండ ఉన్న రోజు కూడా బ్యాటరీ నిండటం లేదు, ఇక ముసురులో చెప్పేదేముంది.

డబ్బులు వాపసు అడిగాం. ఏడాది దాటిందని అతను చేతులు దులుపుకున్నాడు. దాని వెంట పడటం మానేసి కొత్తదాన్ని ఎంచుకునే పనిలో పడ్డాను.

మొదట తేల్చుకోవాల్సింది అసలు ఎంపీపీటీ కొనాలా అన్నది. వేరే దార్లు రెండున్నాయి. పీడబ్ల్యూఎం కంట్రోలర్ చెడ్డదేమీ కాదు, దానికి సరిపోయే ప్యానెల్ ఉంటే. 36 సెల్లుల ప్యానెల్, అంటే 18 వోల్టుల దగ్గర పనిచేసేది, 12 వోల్టుల బ్యాటరీకి పీడబ్ల్యూఎంతో బాగానే నడుస్తుంది. మా ప్యానెల్ అమ్మేసి అలాంటివి 165 వాట్లవి రెండు కొనొచ్చు. కానీ మా కొట్టం చెట్ల నీడలో ఉంది, ప్యానెల్ 22 మీటర్ల దూరంలో ఎండ పడే చోట ఉంది. మధ్యలో 4 చదరపు మిల్లీమీటర్ల కేబుల్. దాని రెసిస్టెన్స్ మీటరుకి సుమారు 5 మిల్లీ ఓమ్‌లు. రానూపోనూ 44 మీటర్లకి 0.22 ఓమ్‌లు. రెండు ప్యానెల్‌ల నుంచి 18 ఆంప్స్ పంపితే దార్లోనే 4 వోల్టులు పోతాయి. పైగా మన ఎండల్లో ప్యానెల్ వేడెక్కితే ఆ 18 వోల్టులు పదిహేనున్నరకి దిగుతాయి. మిగిలేది పదకొండున్నర. దాంతో బ్యాటరీ నిండదు. ఇప్పుడున్న ప్యానెల్ అయితే 38 వోల్టుల్లో పోయేది 2 వోల్టులే. దూరం ఉన్నచోట ఎక్కువ వోల్టేజీ ప్యానెల్, ఎంపీపీటీ ఎందుకు మంచివో ఆ ఒక్క లెక్కతో తేలిపోయింది.

రెండో దారి, ఇంకో బ్యాటరీ కొని సిరీస్‌లో కలిపి 24 వోల్టులు చేయడం. మా 72 సెల్లుల ప్యానెల్ నిజానికి 24 వోల్టుల పీడబ్ల్యూఎంకి సరిగ్గా కుదురుతుంది. అయితే బల్బులూ ఫ్యానూ అన్నీ మార్చాలి. వద్దనుకున్నాం.

ఇక షాపులు. తిరుపతిలో అందరూ అడిగిన మొదటి ప్రశ్న "ఎన్ని వాట్ల ప్యానెల్?" అని. ప్యానెల్ వోల్టేజీ ఎంత, బ్యాటరీ ఎన్ని ఏహెచ్, దూరమెంత అని ఒక్కరూ అడగలేదు. ఒకతను 60 ఆంప్స్ పీడబ్ల్యూఎం చూపించి "ఆంప్స్ ఎక్కువుంటే చార్జింగ్ ఎక్కువమ్మా" అన్నాడు. కంట్రోలర్ మీద రాసిన ఆంప్స్ అది తట్టుకోగల హద్దు. ప్యానెల్ 9 ఆంప్స్ ఇస్తుంటే 60 ఆంప్స్ పీడబ్ల్యూఎం అయినా లోపలికి పంపేది ఆ 9నే. ఈ మాట నమ్మి ఎంతమంది డబ్బులు పోసుకుంటున్నారో అని మనసుకి కష్టంగా అనిపించింది.

ఇంకో షాపులో 3,400కి నిజంగానే ఎంపీపీటీ ఉంది, చేతిలోకి తీసుకుంటే బరువుగా ఉంది, వెనక మందమైన అల్యూమినియం పలకలున్నాయి. కొనేద్దామనే అనుకున్నాను. కింద చిన్న అక్షరాలతో ప్యానెల్ వోల్టేజీ గరిష్ఠం 50 అని ఉంది. మాది 46.2 కాబట్టి సరిపోతుందని షాపతను అన్నాడు. ఆ 46.2 అనేది 25 డిగ్రీల దగ్గర కొలిచిన అంకె. చలి పెరిగితే ప్యానెల్ వోల్టేజీ పెరుగుతుంది, డిగ్రీకి సుమారు 0.3 శాతం. పలమనేరు వైపు మార్గశిర, పుష్య మాసాల్లో పొద్దున్నే 12, 13 డిగ్రీలకి దిగడం మామూలే. అప్పుడు 46.2 కాస్తా 48 అవుతుంది. హద్దుకీ దానికీ మధ్య 2 వోల్టులే ఖాళీ. ఆంప్స్ హద్దు దాటితే మంచి ఎంపీపీటీ తనంతట తాను తగ్గించుకుంటుంది. వోల్టుల హద్దు దాటితే కాలిపోతుంది, దానికి వారంటీ కూడా రాదు. తోపులో తెల్లారుజామున కాలిపోతే ఎవరూ చూడరు. వద్దన్నాను.

అప్పటికి నాకు ఒకటి స్పష్టమైంది. వోల్టులు ఎన్ని ఉండాలో ప్యానెల్ స్టిక్కరు చెప్తుంది, ఆంప్స్ ఎన్ని ఉండాలో బ్యాటరీ చెప్తుంది. అందరూ ప్యానెల్ వాట్లని 13తో భాగించి 26 వస్తుంది కాబట్టి 30 ఆంప్స్‌ది తీసుకోమన్నారు. కానీ బ్యాటరీ వారంటీ కార్డులో చార్జింగ్ కరెంటు మామూలుగా 15, గరిష్ఠం 22 ఆంప్స్ అని ఉంది. పైగా వేడి, దుమ్ము, కేబుల్ అన్నీ పోను 335 వాట్ల ప్యానెల్ మన దగ్గర నడి మధ్యాహ్నం ఇచ్చేది 250 వాట్ల చుట్టూ. అంటే 19 ఆంప్స్. కాబట్టి 100 వోల్టులు, 20 ఆంప్స్ ఉన్నది మాకు సరిపోతుంది. ఎప్పుడో ఒక చల్లటి రోజు ప్యానెల్ అంతకంటే ఎక్కువ ఇవ్వబోయినా కంట్రోలర్ 20 దగ్గర ఆపేస్తుంది, పోయేది కాసింత కరెంటే.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి ఈపీఎవర్ ట్రేసర్ 3210ఏఎన్. 100 వోల్టులు, 30 ఆంప్స్. దాని మీద స్క్రీన్ ఉంది, నాయన కళ్లతో చూసుకోవచ్చు. రెండోది విక్ట్రాన్ స్మార్ట్‌సోలార్ 100/20. పేరులోని అంకెలే దాని హద్దులు, 100 వోల్టులు, 20 ఆంప్స్. స్క్రీన్ లేదు, ఫోన్‌లో బ్లూటూత్ ద్వారా చూడాలి. కానీ గత 30 రోజుల్లో ఏ రోజు ఎంత కరెంటు వచ్చింది, బ్యాటరీ ఎంతవరకు దిగింది, ఎంతవరకు ఎక్కింది అన్నీ దాచి ఉంచుతుంది. చార్జింగ్ ఆంప్స్ మనమే తగ్గించి పెట్టుకోవచ్చు. అయిదేళ్ల వారంటీ. వారానికోసారి వెళ్లే నాకు ఆ 30 రోజుల లెక్కే కావాల్సింది. నేను లేని రోజుల్లో ఏం జరిగిందో తెలియకపోవడమే కదా ఇంత దూరం తెచ్చింది. ధర ఎక్కువే. నాయన ఒక్క మాటే అడిగాడు: "ఇదైనా నిజందేనా పాపా?"

డిసెంబరు 27 శనివారం సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై వెళ్లాను. అక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో మోడల్ చూపించారు గానీ అమ్మడానికి స్టాక్ లేదు, పొంగల్ తర్వాత రమ్మన్నారు. జనవరి 5న బెంగళూరులోని ఒక డీలర్‌తో మాట్లాడి, జీఎస్టీ బిల్లు, సీరియల్ నంబరు ఫొటో పంపించుకుని, 10,900 కట్టాను. నాలుగు రోజుల్లో చిత్తూరు చేరుతుందన్నారు. మధ్యలో సంక్రాంతి సెలవులు వచ్చాయి. పార్శిల్ కదలదు, ఫోన్ ఎత్తరు. డబ్బులు పోయాయేమోనని లోలోపల టెన్షన్, ఇంట్లో చెప్పలేను. ఆ రోజుల్లో పగలు కెమెరా ఆపేసి, ఫ్యాను తగ్గించి, నాయనకి ఒక పవర్ బ్యాంక్ కొనిచ్చి నెట్టుకొచ్చాం. జనవరి 24న పార్శిల్ వచ్చింది. పెట్టె తెరిచి ముందు బరువు చూశాను, తర్వాత సీరియల్ నంబరు బిల్లుతో సరిపోల్చాను.

బిగించింది ఫిబ్రవరి 1 ఆదివారం, మళ్లీ ఆ టవర్ అన్నే వచ్చాడు. పాత సెట్‌లో బ్యాటరీకీ కంట్రోలర్‌కీ మధ్య ఫ్యూజే లేదు. బ్యాటరీ పక్కనే 30 ఆంప్స్ డీసీ ఫ్యూజ్ పెట్టాడు. ప్యానెల్ వైపు ఉన్న స్విచ్ మామూలు ఇంటి ఏసీ ఎంసీబీ. డీసీలో మంట అంత తేలిగ్గా ఆరదు, ఏసీ ఎంసీబీ పనికిరాదని తీసేసి డీసీది వేశాడు. బ్యాటరీ నుంచి కంట్రోలర్‌కి 6 చదరపు మిల్లీమీటర్ల వైరు, వీలైనంత పొట్టిగా. కంట్రోలర్‌ని బ్యాటరీకి సరిగ్గా పైన కాకుండా పక్క గోడకి నిలువుగా బిగించాడు. చార్జ్ అయ్యేటప్పుడు బ్యాటరీ నుంచి గ్యాస్ వస్తుంది, అది పైకి పోతుంది.

ప్యానెల్ మీద నాయన దుప్పటి కప్పాడు. ముందు బ్యాటరీ కలపాలి, తర్వాతే ప్యానెల్. విప్పేటప్పుడు ముందు ప్యానెల్, తర్వాత బ్యాటరీ. ఈ వరుస ఎట్టి పరిస్థితిలోనూ తప్పొద్దని చెప్పి, గోడ మీద సుద్దతో రాశాడు. బ్యాటరీ కార్డులో ఉన్నట్టే బూస్ట్ (నింపేటప్పటి వోల్టేజీ) 14.4, ఫ్లోట్ (నిండాక నిలిపి ఉంచే వోల్టేజీ) 13.8 వోల్టులు పెట్టాం.

దుప్పటి తీయగానే నేను ఫోన్ చూస్తున్నాను, అన్న మీటర్ చూస్తున్నాడు. 231 వాట్లు. ప్యానెల్ దగ్గర నుంచి వచ్చే వోల్టేజీ 35. ప్యానెల్ వైరుకి క్లాంప్ తగిలిస్తే 6.6 ఆంప్స్. అదే క్లాంప్ బ్యాటరీ వైరుకి మార్చితే 17. నాయన ఆ మీటర్ని చేతిలోకి తీసుకుని తనే ఇటూ అటూ తగిలించి చూసుకున్నాడు. అదే ప్యానెల్, అదే కేబుల్, అదే బ్యాటరీ. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చిత్తూరు పెద్దాయన బ్యాటరీ కోలుకునేదాకా 15 ఆంప్స్ దాటనివ్వొద్దన్నారు కాబట్టి సెట్టింగ్‌లో 15 పెట్టేశాం.

లైన్లు కూడా విడదీశాం. ఫ్యాను, రెండు బల్బులు, కెమెరా కంట్రోలర్ లోడ్ టెర్మినల్‌కి (సామాన్లకి కరెంటు ఇచ్చే చోటు) ఇచ్చాం, 11.8 వోల్టులకి దిగితే ఆగిపోయేలా. మూడో బల్బు, ఫోన్ చార్జరు వేరే చిన్న ఫ్యూజుతో నేరుగా బ్యాటరీకి కలిపాం. మిగతావన్నీ ఆగినా నాయన ఫోన్ ఆగకూడదు. చిన్న ఇన్వర్టర్ పెట్టి మిక్సీ వేసుకోవచ్చుగా అని అమ్మ అడిగింది. పెట్టొచ్చు, కానీ దాన్ని లోడ్ టెర్మినల్‌కి కలపకూడదు, ఫ్యూజుతో బ్యాటరీకే కలపాలి.

మొదటి మూడు రోజులు సాయంత్రం దాకా కంట్రోలర్ మీద బల్క్ లైటే, అంటే బ్యాటరీ ఇంకా గట్టిగా చార్జ్ అవుతోందని చెప్పేది, వెలుగుతూ ఉంది, బ్యాటరీ అంత ఆకలి మీద ఉంది. రోజుకి 900 వాట్ అవర్ల పైనే వచ్చింది. తర్వాత ఒక రోజు నాయన కంగారుగా ఫోన్ చేశాడు, ఫోన్‌లో 640 అనే చూపిస్తోందని. అది లోపం కాదు. బ్యాటరీ మధ్యాహ్నానికే నిండిపోతే కంట్రోలర్ ప్యానెల్ నుంచి తీసుకోవడం తగ్గిస్తుంది. చార్జింగ్ ఏ దశలో ఉందో చెప్పడానికి కంట్రోలర్ మీద బల్క్, అబ్సార్ప్షన్, ఫ్లోట్ అని మూడు చిన్న లైట్లుంటాయి. ఇప్పుడు నాయన ఫోన్ చూడటం మానేసి వాటినే చూస్తాడు. ఫిబ్రవరి చివర్లో హైడ్రోమీటరు పెడితే అయిదు సెల్లులు 1.235 పైన, ఒకటి 1.220 దగ్గర ఉన్నాయి. ఆ ఒక్కటీ ఇంకా కోలుకోవాలి.

ఖర్చు మొత్తం చెప్తాను. కంట్రోలర్ 10,900, పార్శిల్ 180, ఫ్యూజులు, డీసీ ఎంసీబీ, వైర్లు, లగ్గులు కలిపి 1,650, బ్యాటరీ చార్జింగ్ 400, ఆటో 800. సుమారు 14,000. చెన్నై చార్జీలు దీంట్లో లేవు. టవర్ అన్న పెట్రోలు డబ్బులు కూడా తీసుకోలేదు. కొత్త బ్యాటరీ కొనుంటే 15,500 పోసి, అదే దొంగ పెట్టె కింద దాన్నీ పాడు చేసుకునేవాళ్లం.

నవంబరు ముసురు కోసం రెండో ప్యానెల్ వేయాలని ఉంది. మబ్బు పట్టిన రోజు రెండూ కలిస్తే వచ్చే కొద్ది కరెంటే రెట్టింపవుతుంది, ఎండ రోజున కంట్రోలర్ 20 దగ్గర ఆపేస్తుంది. సిరీస్‌లో కలిపితే చలి పొద్దున 96 వోల్టులకి పోతుంది. 100 హద్దుకి అంత దగ్గరగా వెళ్లడం నాకిష్టం లేదు. పారలల్‌లో అయితే షార్ట్ సర్క్యూట్ కరెంటు (ప్యానెల్ ఇవ్వగల గరిష్ఠ ఆంప్స్) 9.3, 9.3 కలిపి 18.6, ఈ కంట్రోలర్ తట్టుకునే హద్దు 20. సరిపోతుంది. కానీ ఇప్పుడు షాపుల్లో ఎక్కువగా ఉన్నవి 540 వాట్ల చుట్టూ ఉండే ప్యానెల్‌లు, ఒక్కోటి 13 ఆంప్స్ పైనే ఇస్తాయి. మా దాంతో కలిపితే హద్దు దాటిపోతుంది. అందుకని 335 వాట్ల 72 సెల్లుల ప్యానెల్ పాతదైనా సరే, స్టిక్కరు చెరగకుండా ఉన్నది, వెతుకుతున్నాను. మదనపల్లెలో ఒకరి దగ్గర ఉందన్నారు. వచ్చే ఆదివారం మీటర్ తీసుకుని వెళ్లి చూడాలి.